ముందు చన్నీళ్ళు

"ఇవాళ కరెంటు పోతేనో?" అంది ఆవిడ, ఇస్త్రీ రోలర్ ఇంకా వేడెక్కక ముందే.

"ఆసుపత్రిలో కరెంటు పోవడమేంటి వదినా?" అంది దుప్పటి అవతలి కొస పట్టుకుని నిలబడ్డ మనిషి. "పోయినా జనరేటరుంది కదా."

"అందులో డీజిల్ అయిపోతేనో?"

"అయిపోతే నేనెళ్ళి తొక్కుతాలే, సైకిల్ తొక్కినట్టు. ముందు దుప్పటి సరిగ్గా పట్టు."

ఆ మనిషిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆసుపత్రిలో ఎవరూ లేరు. అందరికీ ఆమె సైరన్. గుసగుసలాడినా రెండు గదుల అవతలికి వినిపించే గొంతు. దేవుడి మీద ఆమెకి పెద్ద పట్టింపు లేదు గాని వదినా అని పిలుచుకునే ఈవిడ మీద మాత్రం ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఇద్దరూ ఒకే దుప్పటికి చెరో కొసా పట్టుకుని బతుకుతున్నారు మరి. ఆసుపత్రి కింద నేలమాళిగలో, కిటికీ అన్నది ఎరగని పొడవాటి గది. ఒక పక్క ఉతికే డ్రమ్ములు, ఇంకో పక్క ఆరబెట్టే యంత్రాలు, నడుమ ఈ రోలర్. ఇద్దరు ఇటు నిలబడి తడి దుప్పటి అంచు సాపుగా లాగి దాని నోటికి అందించాలి, అటు ఇంకో ఇద్దరు పొగలు కక్కుతూ వచ్చినదాన్ని మడత పెట్టాలి. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఒక్క అంచయినా వంకరగా అందించలేదు, ఎందుకంటే ప్రతి దుప్పటికీ ఇది వంకర పోతుందేమోనని భయపడింది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కీడెంచడంతోనే ఆవిడకి పొద్దు గూకిపోయేది, మేలెంచడానికి ఏనాడూ టైము చాలలేదు.

ఇవాళ మాత్రం కీడెంచడానికి కారణం వెతుక్కోవలసిన పని లేదు. తల మీద మూడు అంతస్తుల పైన, సరిగ్గా పదింటికి, ఆవిడ ఒక్కగానొక్క కూతుర్ని రెండో ఆపరేషన్ థియేటర్లోకి తీసుకెళ్తున్నారు. గర్భసంచిలో గడ్డ. మంచిదో చెడ్డదో కోసి చూస్తేగాని చెప్పలేమన్నారట. ఈ "అట" అన్నదే ఆవిడకి మింగుడు పడదు. కన్నతల్లికి కూతురి కడుపు సంగతి "అన్నారట" అని తెలియడమేమిటి? అల్లుడు ఫోన్ చేసి చెప్పాడు నిన్న. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పనివాడు, మాటలు కూడా అలాగే నున్నగా అరగదీసి అందిస్తాడు. "రేపు పదింటికి అత్తయ్యా. రెండు గంటలు పట్టొచ్చు. మీరు... పైకి రావద్దంది. నేను ఫోన్ చేస్తాను." రావద్దంది. సరే. ఏడు నెలలుగా తల్లితో ఒక్క మాట మాట్లాడని పిల్ల రావద్దని కబురు పంపడం కూడా ఒక మాటే అనుకుని ఆవిడ దాన్నే దాచుకుంది. ఇంట్లో కూర్చుంటే గోడలు మీదికొస్తాయి. అందుకని పనిలోకి వచ్చింది. రావద్దన్నది పైకి కదా, కిందికి కాదుగా. ఒకే కప్పు కింద ఉంటే చాలు, అది పై అంతస్తయినా, ఇది పాతాళమైనా.

పది కొట్టింది. దుప్పటి. అంచు. లాగు. అందించు. ఇప్పుడు బల్ల మీద పడుకోబెట్టి ఉంటారు. చలిగా ఉంటుంది ఆ గది, ఆ బల్ల మీద పరిచే పచ్చగుడ్డ తన చేత్తో ఎన్నిసార్లు మడిచిందో, పిల్ల వీపు కింద ఉన్నది తాను మడిచిన గుడ్డేనేమో, మడిచేటప్పుడు తెలిస్తే ఇంకాస్త మెత్తగా మడిచేదేమో, గుడ్డ మెత్తగా మడవడమేమిటి నీ మొహం, దుప్పటి చూడు, అంచు చూడు. మత్తు డాక్టరు పొద్దున ఇంట్లో పెళ్ళాంతో తగువాడి వచ్చాడేమో. మత్తు ఎక్కువైతే. తక్కువై మధ్యలో మెలకువొస్తే. భయం ఆవిడకి ఆడబిడ్డలాంటిది. పిలవకపోయినా వస్తుంది, చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి కూర్చుంటుంది, అన్నిటికీ వంక పెడుతుంది, వెళ్ళమంటే అలుగుతుంది. పిల్ల నడక నేర్చినప్పుడు పడుతుందని, బడికి వెళితే తప్పిపోతుందని, తండ్రిలాగా స్టీరింగ్ పట్టుకుంటానన్నప్పుడు ఇక ఆవిడ భయానికి పెళ్ళి భోజనమే. అందులోనూ పిల్ల చేరింది డ్రైవింగ్ స్కూల్లో. అంటే బండి నడపడం రానివాళ్ళ పక్కన రోజంతా కూర్చునే ఉద్యోగం! "రానివాళ్ళ పక్కన కూర్చోవడం నాకు ఇంట్లోనే అలవాటైందమ్మా, ఇరవై ఏళ్ళు నీ పక్కనే కూర్చున్నాగా" అని నవ్వేది. నవ్వేది. ఆ నవ్వు తండ్రిది.

ఆయన బస్సు నడిపేవాడు. ముందే ఏడ్చి పెట్టుకునే మనిషివే నువ్వు అనేవాడు, పోయాక ఏడవడానికి నీ దగ్గరేమీ మిగలదు చూడు అనేవాడు. ఆయన బస్సెక్కిన ప్రతి పొద్దూ ఆవిడ లారీ గుద్దినట్టు, బ్రేకులు పోయినట్టు, వంతెన కూలినట్టు చూసేది. తొమ్మిది వందల తొంభై తొమ్మిది రకాలుగా ఆయన్ని చంపుకుంది. ఆయన మాత్రం వెయ్యో రకంగా పోయాడు. నడుస్తున్న బస్సులో గుండె పట్టుకుని, అయినా బండిని మెల్లగా పక్కకి తీసి, ఆపి, తలుపు తెరిచే మీట నొక్కి, ప్రయాణికులంతా దిగాక స్టీరింగ్ మీద తల వాల్చాడట. లారీ లేదు. వంతెన నిలబడే ఉంది. ఆ రోజున ఆవిడకి ఒక సంగతి తెలిసి ఉండాల్సింది, తెలియలేదు, ఇవాళ ఈ దుప్పటి అంచు పట్టుకుని నిలబడితే తెలుస్తోంది. అన్నేళ్ళు ఇంట్లో తిష్ట వేసుకుని కూర్చున్న భయం ఒక్కసారి, ఒక్కగానొక్కసారి కూడా, సరైన జోస్యం చెప్పలేదు. వచ్చిన కష్టమేదీ అది చెప్పిన దారిన రాలేదు. మరి దాని మాట ఎందుకు వింటున్నట్టు? "నిన్నేమన్నా జీతమిచ్చి పెట్టుకున్నానా?" అంది ఆవిడ పైకే.

"నన్నేనా?" అంది సైరన్.

"నిన్ను కాదులే."

"దేవుణ్ణా?"

"ఆయన్ని పొద్దున్నే అనేశాను."

అనేసింది నిజంగానే. స్టవ్ మీద నీళ్ళు పెట్టి, అవి కాగేలోపు. నాకు అందమైన ప్రార్థనలు రావని నీకు తెలుసు, నేను చదివింది ఏడో తరగతి, నీ పుస్తకంలో కూడా పెద్ద మాటలు వేలితో తడుముకుంటూ చదువుతాను, కానీ విను. ఆయన్ని తీసుకున్నావు, ఊరుకున్నాను. ఊరుకోవడమేమిటి, ఆ వచ్చిన ఆదివారమే నీ మందిరంలో రెండో వరసలో నిలబడి అందరికన్నా గట్టిగా పాడాను, మతి చెడిందన్నారు నన్ను. పిల్లకి మూడుసార్లు కడుపు పోయింది, మూడుసార్లూ నీ కాళ్ళ దగ్గరికే వచ్చాను. ఇప్పుడిది. శ్రమలొస్తే అంతా సంతోషమే అనుకోమని రాయించావు. రాయించినవాడివి నువ్వే కాబట్టి ఎలా అనుకోవాలో కూడా నువ్వే నేర్పు. నేను మాత్రం నిన్ను వదిలి వెళ్ళను. నువ్వు విసుక్కున్నా వెళ్ళను. ఇంత చెప్పి ఆమేన్ అనబోతే నీళ్ళు పొంగాయి. ఆయన జవాబు అంతే. కానీ ఆయన అలగడు, అదొక నమ్మకం ఆవిడకి. నువ్వెంత అన్నా ఆయన తలుపు వేసుకోడు. తలుపు వేసుకునేది కూతురు.

వేసుకోదా మరి? ఎవరి నోరు చేసిన పని అది? నోరా వీపుకు దెబ్బలు తేకే అన్నారు, ఈ నోరు తన వీపుకి కాదు, పిల్ల వీపుకి తెచ్చింది. ఆ రోజు పిల్ల వంటింట్లో నిలబడి, కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో చెప్పింది. గడ్డ ఉందమ్మా. నీకూ మా ఆయనకీ తప్ప ఎవరికీ తెలీదు. ఎవరికీ చెప్పకు, నాకు జాలి చూపులు పడవు. చెప్పనే చెప్పనంది ఆవిడ. చెప్పలేదు కూడా. రాసింది. మందిరం గుమ్మం పక్కన ప్రార్థన మనవుల పెట్టె ఉంటుంది, చీటీ రాసి వేస్తే ఆదివారం పాస్టరుగారు వేదిక మీద చదివి సంఘమంతా ప్రార్థన చేస్తుంది. రెండు వందల గొంతులు ఒక్కసారి ఆమేన్ అంటే ఆ బలమే వేరని ఆవిడ నమ్మకం. పేరు రాయకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. ఒక సహోదరి కుమార్తె గర్భములో గడ్డ ఉన్నది, ఇంతకు మునుపు మూడుసార్లు గర్భము పోయినది, దేవుడు ముట్టి స్వస్థపరచులాగున ప్రార్థించవలెను. ఎంత జాగ్రత్త! పేరు లేదు, ఊరు లేదు, వీధి లేదు. జాగ్రత్తంతా ఒక వైపునే పడింది. సంచిలో చేతికి దొరికిన కాగితం మీద రాసింది, ఆ కాగితం రెండో వైపు ఏముందో చూడలేదు. పాస్టరుగారు మంచివారే. కొత్త కళ్ళజోడు. చీటీ చదివారు, మనవి ఇంకా ఉందేమోనని తిప్పారు, అదే గంభీరమైన గొంతుతో మైకులో చదివారు. "స్త్రీల వార్డు. దుప్పట్లు పన్నెండు. తలగడ గలీబులు ఎనిమిది." పిల్లలు కిసుక్కున నవ్వారు. పెద్దలు నవ్వలేదు. రెండు వందల తలలు ఒక్కసారి రెండో వరసవైపు తిరిగాయి. ఆ సంఘం మొత్తానికి ఆసుపత్రి బట్టలు ఉతికే సహోదరి ఒక్కతే, ఆమెకున్న కూతురూ ఒక్కతే.

దుప్పటి ఒకటి వంకర పోయింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. అటు మడత పెట్టే పిల్ల "ఏంటి పిన్నీ!" అంది నోరు తెరిచి. సైరన్ రోలర్ ఆపి, దాన్ని వెనక్కి లాగి, తడిపి, మళ్ళీ అంచు చేతికిచ్చింది. పదీ ముప్పై. పావు వంతు అయి ఉంటుంది. ఆ సాయంత్రానికే పిల్లకి ఫోన్లు మొదలయ్యాయి. ఒకామె ఏడ్చింది, ఒకామె తన తోటికోడలి గడ్డ కథ చివరిదాకా చెప్పింది, ఆ చివర ఏమైందో కూడా. సంఘపెద్ద భార్య ఏకంగా నలుగురిని వెంటేసుకుని ఇంటికే వెళ్ళి, పిల్ల అత్తగారి ముందు, ఆ గడ్డ సంగతి అప్పటిదాకా తెలియని అత్తగారి ముందు, పొట్ట మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తానంది. మర్నాడు పిల్ల వచ్చింది. కూర్చోలేదు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "నా కడుపు నీ సంఘానికి సాక్ష్యం కాదమ్మా" అంది. వెళ్ళిపోయింది. అంతే, ఏడు నెలలు. ఫోన్ మోగి మోగి ఆగిపోయేది. ఇంటికి వెళితే తలుపు తీసి, మంచినీళ్ళు ఇచ్చి, మాట మాత్రం ఇచ్చేది కాదు.

సంఘపెద్ద భార్య ఊరుకుందా? మూడో నెలలో మందిరం మెట్ల మీద ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "ఊరికే ఏ శోధనా రాదమ్మా. ఎక్కడో ఏదో ఉండి ఉంటుంది. నువ్వు గానీ, అమ్మాయి గానీ, ఒకసారి పరీక్షించుకోండి." ఇరవై ఏళ్ళుగా ఆవిడ ఆ మనిషికి తల వంచుకునే జవాబిచ్చింది. ఆ రోజు తల ఎందుకు పైకి లేచిందో ఇప్పటికీ తెలియదు. "పరీక్షించుకున్నానక్కా" అంది. "దొరికింది. నేను మాట నిలబెట్టుకోలేదు. అది నా పాపం, నేను కడుక్కుంటాను. గడ్డ మాత్రం గడ్డ. దాన్ని నా పిల్ల మీద పాపమని రాయడానికి మీకు ఎవరు అధికారమిచ్చారు? ప్రభువైతే ఇవ్వలేదు, ఆయన్ని నేను రోజూ అడుగుతూనే ఉన్నా." మెట్లు దిగి వెనక్కి చూడకుండా నడిచింది. ఇక ఈ గుమ్మం తొక్కనివ్వరేమో అనుకుంది. పై ఆదివారం వెళ్ళింది. అదే రెండో వరస. అదే గొంతు. శ్రుతి కుదరకపోయినా తగ్గించలేదు. ఎవరి మందిరమని తగ్గించాలి? అది సంఘపెద్ద భార్యదా, పాస్టరుగారిదా? కష్టం వస్తే వెనక బెంచీకి పోయి కూర్చోవాలని ఏ వాక్యంలో ఉంది? భయం లేకపోవడమే విశ్వాసమని చెప్పేవాళ్ళంతా భయం లేకుండా పుట్టినవాళ్ళు, వాళ్ళకేం. ఆవిడ విశ్వాసం అలాంటిది కాదు. అది భయం జుట్టు పట్టుకుని ఈడ్చుకుంటూనే మందిరానికి తీసుకెళ్తుంది, పక్కన కూర్చోబెట్టుకుంటుంది, అది గొణుగుతూ ఉంటే తాను పాడుతుంది.

పై అంతస్తుల నుంచి మాసిన బట్టల సంచులు జారి పడే రేకు గొట్టం ఉంది గోడకి. అది గలగలమంది. దబ్బున ఏదో పడింది. ఎర్ర సంచి. థియేటర్ సంచి. సైరన్ వెళ్ళి చీటీ చూసింది, చూసి, చీటీని గుప్పిట్లో మూసేసింది. సైరన్ గొంతు మొదటిసారి తగ్గిపోయింది. "ఏదో వార్డుదిలే వదినా." వార్డు సంచి తెల్లగా ఉంటుంది, ఆ సంగతి సైరన్‌కి నేర్పింది ఆవిడే. గడియారం పదీ యాభై. రెండో థియేటర్లో ఆపరేషన్ ఇంకా గంట ఉండాలి. ఆపరేషన్ ముగిశాకే సంచి దిగుతుంది, ఎప్పుడూ అంతే. మధ్యలో దిగిందంటే ఒకటే అర్థం. పరిచిన గుడ్డలు చాలలేదు. తడిసిపోయాయి. కొత్తవి పరిచారు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఈ నేలమాళిగలో నిలబడి పైన జరిగిందంతా గుడ్డల్లో చదివింది, ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, డాక్టర్లు చుట్టాలకి చెప్పకముందే ఆవిడకి తెలిసేది. ఏడో తరగతి చదువు దీనికి అడ్డు రాలేదు.

"నేను చూస్తాలే. నువ్వు బయటికెళ్ళి టీ తాగిరా" అంది సైరన్. "వెళ్ళు వదినా, నా మాట విను."

చూడకూడదు. చూస్తే చదువుతుంది. చదివితే అది నిజమైపోతుంది. గోడవైపు తిరిగి నిలబడింది. గోడ మీద తేమ. భయం వచ్చి చెవి దగ్గర కూర్చుంది, చూశావా, ఈసారి నా మాటే నిజం, ఈసారి లారీ నిజంగానే వచ్చింది. ప్రభువా అంది ఆవిడ. కన్నీళ్ళు రాలేదు. వచ్చింది కోపం. కాళ్ళ దగ్గర మొదలై పైకి వచ్చిన కోపం, సంచి మీద కాదు, దేవుడి మీద కాదు, ఈ చెవి దగ్గర కూర్చున్నదాని మీద. నా పిల్ల రక్తం నాకు చూపించి నన్ను భయపెడతావా? నాకా? తొమ్మిది నెలలు నా రక్తంతో మోశాను దాన్ని. గోడ వదిలి వెనక్కి తిరిగింది. నడిచింది. సైరన్‌ని పక్కకి నెట్టింది.

"వద్దు వదినా..."

"జరుగు. అది పుట్టినప్పటి గుడ్డలు నేనే ఉతుక్కున్నాను. ఇవీ నేనే ఉతుకుతాను."

సంచి మూతి విప్పింది. చూసింది. ఎక్కువే ఉంది. తల తిప్పుకోలేదు. చూసి, చదవలేదు. రక్తం. ఇంతే ఇది, రక్తం, జోస్యం కాదు, తీర్పు కాదు, ఎవరి పాపానికీ లెక్క కాదు. గుడ్డలు ఒక్కొక్కటే తీసి రాతి తొట్టిలో వేసింది. కొళాయి తిప్పింది. చెయ్యి తనకు తానే చన్నీళ్ళ కొళాయి వైపు వెళ్ళింది, కొత్తగా పనిలో చేరే ప్రతి పిల్లకీ మొదటి రోజు ఆవిడ చెప్పే పాఠం అది. రక్తం మరకకి ముందు చన్నీళ్ళు. పచ్చి మరక మీద వేడినీళ్ళు పోశావో, ఇక అది ఆ బట్టతోనే చిరుగుతుంది గాని పోదు. చన్నీళ్ళలో వదిలెయ్. రుద్దకు. తొందరపడకు. అది తనంతట తాను వదిలేదాకా ఊరికే పక్కన ఉండు. ఎంతమందికి చెప్పింది ఈ మాట! ఎన్ని వందలసార్లు! నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతుంటే చూస్తూ ఆవిడ నిలబడిపోయింది. పిల్ల ఆ రోజు వంటింట్లో ఏమడిగింది తనని? పచ్చి గాయం పట్టుకొచ్చి, కాస్త ఊరికే పక్కన ఉండమ్మా అంది. అంతే కదా అడిగింది. తాను ఏం చేసింది? రెండు వందల గొంతుల వేడి ఒక్కసారిగా కుమ్మరించింది దాని మీద. భక్తితో, ప్రేమతో, సలసల కాగుతున్న నీళ్ళు. ఆసుపత్రిలో ఊరందరి మరకలూ వదిలించిన మనిషి, ఇంట్లో ఒక్క మరకని నిలబెట్టేసింది.

చేతులు మోచేతుల దాకా తిమ్మిరెక్కాయి. ఆవిడ పాడటం మొదలుపెట్టింది. మందిరంలో పాడే పాటే, కానీ మాటలు సగమే గుర్తొచ్చాయి, మిగతా సగం తనే కట్టింది, ఉన్నావు అని, ఇక్కడున్నావు, ఈ తొట్టి దగ్గరున్నావు, మూడో అంతస్తులో ఆ బల్ల దగ్గరున్నావు, మెట్లెక్కడం దిగడం నీకేం కష్టం అని. శ్రుతి లేదు. లయకి కొళాయి ఉంది. పాడుతుంటే లోపల ఎక్కడో ఏదో విప్పుకుంది. సంతోషం అనడానికి కూడా సిగ్గేసే చోట, సంతోషమే. కారణం లేనిది. పిల్ల బతుకుతుందని ఎవరూ చెప్పలేదు, గడ్డ మంచిదని ఎవరూ చెప్పలేదు, పిల్ల ఇంక మాట్లాడుతుందనీ ఎవరూ చెప్పలేదు. అవేవీ రాకముందే ఇది వచ్చి నిలబడింది, అవి వస్తేనే వస్తానని బేరమాడకుండా. ఇన్నేళ్ళూ ఆవిడ అనుకున్నదేమిటంటే, కష్టం తీరాక దేవుడు సంతోషం ఇస్తాడని. కాదు, తీరకముందే ఇస్తాడు, కష్టం కళ్ళెదుటే, దాని మొహం మీదే. ఏం చేసుకుంటావో చేసుకో, అంది చెవి దగ్గరిదాన్ని. వార్త మంచిదైతే పాడతాను. చెడ్డదైతే ఏడుస్తూ పాడతాను. నా నోరు నీకు మాత్రం ఇవ్వను.

"మతి పోయిందా వదినా, నవ్వుతున్నావు?" అంది సైరన్. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "ఆ పాటేదో కాస్త సరిగ్గానైనా పాడు, చచ్చిపోతున్నాం ఇక్కడ."

"నువ్వు పాడు మరి, సరిగ్గా."

"నేను పాడితే పైన డాక్టరు కత్తి జారవిడుస్తాడు."

ఇద్దరూ నవ్వారు, తొట్టి అంచు పట్టుకుని, ఆగకుండా, ఎందుకో తెలియకుండా. అటు మడత పెట్టేవాళ్ళు పని ఆపి చూశారు. ఆ నవ్వులోనే, గడియారం పన్నెండున్నర దాటుతుండగా, ఆప్రాన్ జేబులో ఫోన్ మోగింది.

అల్లుడి గొంతు నున్నగా లేదు. ముక్కలు ముక్కలుగా ఉంది. "బయటికి తెచ్చారత్తయ్యా. రక్తం బాగా పోయిందట మధ్యలో, ఎక్కించారు. గర్భసంచి తీసెయ్యాల్సొచ్చింది. గడ్డ చెడ్డదే అనుకుంటున్నారు, పక్కకి పాకినట్టు మాత్రం కనపడలేదన్నారు. పరీక్షకి పంపారు, ఆ జవాబు వారానికి గాని రాదు." ఆగాడు. "మెలకువొచ్చింది. మిమ్మల్ని రమ్మని తను అనలేదు. నేనే అంటున్నా. రండి."

లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లు. తడి ఆప్రాన్, రబ్బరు చెప్పులు, ప్రతి అడుక్కీ కిచకిచ. పనివాళ్ళు ఇటు రాకూడదని ఎవరో అన్నారు, ఆవిడ ఆగలేదు, పనిలోనే వెళ్తున్నాను అంది. గర్భసంచి పోయింది. అమ్మమ్మ అనే పిలుపు కూడా దానితోపాటు పోయింది, అది పోయినందుకు తర్వాత ఏడుస్తుంది, దానికొక చోటు ఉంచుకుంది, ఇప్పుడు కాదు. చెడ్డదే అనుకుంటున్నారు. అనుకోనీ. వారం. వారమంటే ఏడు రోజులు, ఏడు రోజులూ ఆయన ఉంటాడు, ఎనిమిదో రోజూ ఉంటాడు. రెండో అంతస్తు మలుపులో ఊపిరి అందక రెయిలింగ్ పట్టుకుంది. లోపలికి వెళ్ళగానే ఏమనాలి? నాలుక మీద వరసగా నిలబడ్డాయి అన్నీ, నొప్పిగా ఉందా తల్లీ, భయపడకమ్మా, దేవుడు మంచివాడు, అంతా మన మంచికే, సంఘమంతా నీ కోసం. అన్నీ మంచి మాటలే. అన్నీ వేడిగా ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ మెట్ల మీదే దింపేసి, ఖాళీ నోటితో మూడో అంతస్తు ఎక్కింది.

గది చిన్నది. ఒక మంచం, ఒక స్టూలు, కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ. అల్లుడు లేచి బయటికి వెళ్ళాడు. పిల్ల మొహం దిండు కన్నా తెల్లగా ఉంది, పెదవులు ఎండిపోయాయి, చేతికి గొట్టం. కళ్ళు తెరిచే ఉన్నాయి. తల్లిని చూశాయి. మళ్ళీ కిటికీ వైపు తిరిగాయి. ఆవిడ గుమ్మంలోంచి రెండడుగులు వేసి ఆగిపోయింది.

"తప్పు నాదే" అంది. "పేరు రాయకపోతే చెప్పినట్టు కాదనుకున్నాను. చెప్పినట్టే. నువ్వు ఒద్దన్నావు, నేను చేశాను. దేవుడి పేరు చెప్పుకుని చేశాను, అది ఇంకా పెద్ద తప్పు."

గొట్టంలో చుక్క పడింది. ఇంకో చుక్క పడింది. ఆవిడకి ప్రార్థన చెయ్యాలనిపించింది, చెయ్యలేదు. చేసిందేమో, పైకి మాత్రం కాదు. ఇరవై రెండేళ్ళ పనిలోనూ, యాభై ఆరేళ్ళ బతుకులోనూ ఏ గదిలోనూ ఇంతసేపు మాట్లాడకుండా నిలబడింది లేదు. భయం గుమ్మం దాకా వచ్చి తొంగి చూసింది. రా, అనుకుంది ఆవిడ, వస్తే రా, కూర్చోవడానికి స్టూలు మాత్రం ఒక్కటే ఉంది, అది నాకు.

"ఉండనా?" అంది చివరికి. "వెళ్ళమంటే వెళ్తాను. రేపొస్తాను. రేపు వెళ్ళమంటే రేపు వెళ్తాను, ఎల్లుండొస్తాను. నువ్వు ఎన్నిసార్లు పంపితే అన్నిసార్లు వస్తాను, అది మాత్రం ముందే చెప్తున్నా. ఇప్పుడు ఉండనా, వెళ్ళనా?"

కిటికీ అవతల ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, అది అందుకోవడం లేదు, మళ్ళీ, మళ్ళీ. పిల్ల ఆ చప్పుడే వింటున్నట్టు పడుకుంది. ఎండ మంచం కోడు మీదికి జరిగింది. నర్సు ఒకామె తొంగి చూసి వెళ్ళిపోయింది. ఆవిడ కాళ్ళు లాగుతున్నాయి. కూర్చోలేదు, కదల్లేదు, గుమ్మం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బండి చివరికి అందుకుని వెళ్ళిపోయింది.

పిల్ల గొంతు గరగరలాడుతూ వచ్చింది, మొహం ఇంకా కిటికీ వైపే ఉంది.

"ఉండమ్మా. నోరు మూసుకుని ఉండు."